మంగళం పాడని భాగోతం

హన్మకొండ

బిడ్డా,

నీ కవరు అందింది. ఒక సీరియల్ ముగింపు మీద ఎనిమిది పేజీల వ్యాసం, దాని వెనుక పిన్ను కొట్టిన నాలుగు పేజీల కథ, పైన ఒక చీటి: "సార్, నన్ను మోసం చేసిండ్రు. కోపం తగ్గకముందే రాసిన. చదివి తిట్టండి." తిట్టేటంత తప్పేం లేదు గని, జవాబు రాయనీకి నెలలు పట్టింది. దానికి సగం కారణం నువ్వే. నువ్వు చూసిన సీరియల్ నేను చూడలే. చూడనిదాని మీద, చదవనిదాని మీద గట్టిగ మాట్లాడుడు మా తరం రచయితలకు కొత్త కాదు, సభలల్ల నేనూ మాట్లాడిన. ఈసారి ఎందుకో మనసొప్పలే. మనుమడు టీవీకి ఏదో తగిలిచ్చి పెట్టిండు. 'ది సొప్రానోస్', టోనీ అనే అమెరికా మాఫియా నాయకుడు, అతని ఇంటోళ్ళ కథ, ఆరు సీజన్లు, 86 భాగాలు. బతుకమ్మ పండుగనాడు మొదలుపెడితే, సంక్రాంతి పోయి సకినాల డబ్బా అడుగంటినంక అయిపోయింది.

ఇగ నీ వ్యాసం. చదువుతుంటే ఒకటి తట్టింది. ఆ చివరి సీనుల ఏం జరిగిందో నువ్వు ఎనిమిది పేజీలల్ల ఒక్కసారి గూడ చెప్పలే. మొదటి వాక్యమే "ఇది ప్రేక్షకులకు చేసిన ద్రోహం" అని మొదలుపెట్టినవు. రెండో పేజీ నుంచి ఐదో పేజీ దాక టోనీ సచ్చిండా బతికిండా అని వకీలు లెక్క వాదించినవు. జాకెట్టు తొడుక్కున్నాయన ఎవరు, ఎందుకు లేచిండు, ఎటు పోయిండు, అవన్నీ ఇదివరకే పదిమంది చెప్పినయి. నువ్వు తెచ్చి పేర్చినవు. ఊర్ల కొట్లాటైతే, దాన్ని చెప్పేటోడు ఎవరిది తప్పో ముందే చెప్తే ఇనేటోళ్ళు లేచిపోతరు. ఎవడు ఎక్కడ నిలబడ్డడు, ఎవని చేతుల ఏమున్నది, అది ముందు చెప్పాలె. అందుకే నీకు తెలిసిందే నీకు మల్ల చెప్త, ఇను.

టోనీ ఒక చిన్న హోటల్లకు వస్తడు. బల్ల మీదున్న పాటల డబ్బాల పేర్లు తిప్పి తిప్పి ఒక పాట పెడతడు. తలుపుకు గంట ఉన్నది, ఎవరు తీసినా మోగుతది. మోగినప్పుడల్ల టోనీ తలెత్తుతడు. అతను ఏం చూసిండో మనకు చూపిస్తరు. భార్య వస్తది, ఎదురుంగ కూసుంటది. కొడుకు వస్తడు. నూనెల కాల్చిన ఉల్లిగడ్డ చక్రాలు వస్తయి, తలా ఒకటి నోట్ల ఏసుకుంటరు. జాకెట్టు తొడుక్కున్న ఒకాయన కౌంటర్ కాడ కూసుండి, కొంచెంసేపటికి లేచి బాత్రూం దిక్కు పోతడు. బయట బిడ్డ మెడో, రోడ్డు పక్కన కారు పెట్టనీకి ముందుకు ఎనకకు తిప్పలు పడుతుంటది. ఎట్లనో పెట్టింది. రోడ్డు దాటి ఉరుక్కుంట వస్తది. గంట మోగుతది. టోనీ తలెత్తుతడు. నలుపు. పది సెకన్లు తెర నల్లగ ఉంటది, సప్పుడు లేదు. తర్వాత పేర్లు పోతయి, పాట లేకుండ.

ఇందుల నా తీర్పు ఎక్కడా లేదు. ఇంత రాసినంక గూడ ద్రోహం అనిపిస్తే అప్పుడు ద్రోహం అని రాయి, ఎవరూ కాదనరు.

2007 జూన్ 10న అమెరికాల అది మొదటిసారి వచ్చిన రాత్రి, చానామంది తమ కేబుల్ పోయిందనుకున్నరట. నీ ఆరో పేజీ మధ్యల, ఏదో చెయ్యి జారి పడ్డట్టు, ఒక పేరా ఉన్నది. తెర నల్లగైంగనే హాస్టల్ల వైఫై పోయిందనుకొని లేచినవు. కారిడార్లకు పోయి రౌటర్ ఆర్పి పెట్టినవు. మల్ల ఆర్పి పెట్టినవు. రాత్రి ఒకటిన్నరకు ఆన్‌లైన్ టెస్టు రాసుకుంటున్న పిల్లలు ముగ్గురు తలుపులు తీసి నీ మీద ఒర్రిండ్రు. వచ్చి చూస్తే పేర్లు పోతున్నయి. మంచం మీద కూసుండి నువ్వు అనుకున్నది గూడ రాసినవు: మేనల్లుడని పిలుసుకున్నోని ముక్కు మూసి చంపినోడు, వాడు బతకాలని నేను మొక్కుకుంటున్న కద.

నీ వ్యాసం అక్కడ మొదలైతది. ముందటి ఐదు పేజీలు చింపెయ్యి. వాడు సచ్చిండా లేదా అన్నది ఎవరైనా రాస్తరు. వాడు బతకాలని పరకాల పిల్ల ఒకతి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల అర్ధరాత్రి ఎందుకు మొక్కుకున్నదో రాయనీకి నువ్వు తప్ప ఎవరూ లేరు. రౌటర్ కాడ నిలబడ్డప్పుడు కాళ్ళ కింద గచ్చు సల్లగ ఉండెనా? ఒర్రిన పిల్లలకు ఏం జవాబు చెప్పినవు? అది గూడ రాయి. సిగ్గుపడేది ఉంటే ఇంకా మంచిది.

వైఫై సంగతి చదివితే నాకు పాత ముచ్చట యాదికొచ్చింది. 1988ల, ఆదివారం పొద్దున దూరదర్శన్‌ల రామాయణం వచ్చేది. మా వాడకట్టు మొత్తానికి రెండే టీవీలు. టీవీకి బొట్టు పెట్టి, ఊదుబత్తులు ముట్టించి, చెప్పులు బయట ఇడిచి ముప్పైమంది కూసుండేది. ఒక ఆదివారం యుద్ధం నడుస్తుండంగ కరెంటు పోయింది. ఎవరూ లేవలే. కరెంటు వచ్చేసరికి ఇంకేదో ప్రోగ్రాం వస్తున్నది. ఒక ముసలవ్వ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. రాముడు గెలుస్తడని ఆమెకు తెలవదా? అంత తెలుసు, చిన్నప్పటినుంచి తెలుసు. కథ ఏమైతదో తెలుసుకోనీకే చూస్తమని మనం అనుకుంటం గని, ఆ అవ్వను యాది చేసుకుంటే నాకు ఆ మాట మీద నమ్మకం పోతది.

మా నాయనమ్మ ఊర్ల చిందోళ్ళు వచ్చి భాగోతం ఆడేది. రాత్రి మొదలైతే తెల్లారేదాక. మాకు సగంల నిద్ర వచ్చి, లేచి ఇంటికి పోతమంటే నాయనమ్మ రెక్క పట్టి కూసుండబెట్టేది. మంగళం పాడి, హారతి పళ్ళెం తిప్పి, అందుల పైసలు ఏసినంకనే కదలాలె. అప్పటిదాక ఆ రాజు రాజే, ఆ రాక్షసుడు రాక్షసుడే. మంగళం పాడితేనే వాళ్ళు మల్ల మనుషులైతరు, మనం ఇంటికి పోతం. సొప్రానోస్‌ల పేర్లు పాట లేకుండ పోతుంటే నాకు పట్టుకున్న గుబులు అదే. మంగళం పాడలే. నేనింకా ఆ హోటల్లనే, పక్క బల్ల కాడ కూసోని ఉన్న. కోపం ఎనిమిది పేజీలకు పారిందంటే నువ్వు గూడ అక్కడనే ఎక్కడనో ఉన్నవు.

నీ కోపానికి ఇంకో కారణం నీ చదువు. ఏమనుకోకు. గ్రూప్స్‌కు ఏండ్ల తరబడి చదువుతున్నవు. ప్రతి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు, ఒకటి కరెక్టు. ప్రిలిమినరీ కీ, అభ్యంతరాలు, ఆ తర్వాత ఫైనల్ కీ. ఆ కండ్లతోని చూస్తే కీ ఇడువని పరీక్ష లెక్కనే కనబడతది ఆ నల్లతెర. నీకు తెలిసిన బిట్టే ఒకటి తీసుకుందాం. రుద్రమదేవి మరణాన్ని తెలిపే శాసనం ఏది? చందుపట్ల. ఏ సంవత్సరం? 1289. మార్కు పడ్డది. ఇప్పుడు అదే శాసనాన్ని కథ రాసేటామె లెక్క సదువు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జునుడు శివలోకం చేరిండ్రు, వాళ్ళ పుణ్యం కోసం ఒక సేవకుడు గుడికి భూమి ఇచ్చిండు. అంతే ఉన్నది రాతి మీద. ఎట్ల పోయింది, ఎవరి చేతుల పోయింది, రాయి చెప్పదు. తిరగబడ్డ సామంతుడు అంబదేవునితోని యుద్ధంల అన్నది చరిత్రకారులు ముందు ఎనక లెక్కగట్టి చెప్పింది. ఓరుగల్లును ఏలిన మహారాణి చావు తేదీ మనకు దక్కింది ఒక కొలువుగాడు ఇచ్చిన భూదానం వల్ల. నాకు రాణికంటె అతనే కథ లెక్క కనబడతడు. ఏం చూసిండో చెక్కించలే, తన చేత అయ్యేది చేసిండు. నీ నోట్సుల ఈ శాసనం ఎన్నిసార్లు రాసుకున్నవో, ఒక్కసారన్న ఆయన మొఖం ఎట్లుండెనో అనుకున్నవా?

ఫైనల్ కీ కావాలంటే అదీ ఉన్నది, నువ్వే ఏడో పేజీల సంబురంగ రాసినవు. ఆ సీరియల్ పుట్టించి, చివరి భాగం తానే రాసి తీసిన డేవిడ్ చేజ్ ఏండ్లకేండ్లు నోరు ఇప్పలే. 2021ల ఒక ఇంటర్వ్యూల టోనీ సచ్చినట్టేనని దాదాపు ఒప్పుకున్నడు. కేసు గెల్సినట్టు రాసినవు. నిజం చెప్పు, అది చదివినంక ఆ నలుపు నీకు ఏమన్న తగ్గిందా? నాకు తగ్గలే. టోనీ వేషం కట్టిన జేమ్స్ గాండోల్ఫిని 2013ల రోమ్‌ల, 51 ఏండ్లకే గుండెపోటుతోని పోయిండు. అది తెలిసి, ఇది తెలిసి గూడ, గంట మోగినప్పుడల్ల నేను కుర్చీల ముందుకు జరుగుతున్న.

మా ఆమె ముచ్చట చెప్పాలె నీకు. పొద్దుమూకినంక ఆమె సీరియళ్ళు ఆమెకు ఉంటయి, అవి ముగుస్తయని ఆమెకు నమ్మకం లేదు. వెయ్యి భాగాలు సాగదీసి, వద్దనుకున్ననాడు రెండే రోజులల్ల అందరికీ బుద్ధి తెప్పించి శుభం కార్డు ఏస్తరు. అత్త ఏడుస్తది, కోడలు కాళ్ళు మొక్కుతది, ఫొటో దిగుతరు. ఆ ముగింపు చూసి ఆమె ఎప్పుడూ ఒక్కటే అంటది, "ఇగ వీళ్ళకు పైసలు అయిపోయినయి." సొప్రానోస్ ఆమె చూడలే, ఇంగ్లీషు రాదు. చివరి భాగం రోజు మాత్రం బియ్యం ఏరుకుంట ఆ గదిలనే కూసున్నది. హోటల్ సీనుల ఆమె కండ్లు చాట మీద నుంచి లేచినయి. "ఆ పిల్లకు బండి పెట్టుడు రాదా, ఎంతసేపాయె" అన్నది. నలుపు పడ్డది. నేనూ నీ లెక్కనే "ఏంది, పోయిందా?" అని రిమోట్ కోసం దేవులాడిన. ఆమె అడిగింది, "పిల్ల లోపటికి వచ్చిందా?" గంట మోగింది కదా అన్న. "అయితే బిడ్డ మొఖం చూసిండు" అని చాట పట్టుకొని వంటింట్లకు పోయింది.

నేను ఆ సీను మల్ల పెట్టుకొని మూడుసార్లు చూసిన. అప్పటిదాక జాకెట్టాయన మీదనే ఉండె నా చూపు. భార్య వచ్చింది, కొడుకు వచ్చిండు, మిగిలింది బిడ్డే. అంతసేపు ఆమె కారు తిప్పుడే చూపించిండ్రు. లోకమంత టోనీ సచ్చిండా అని పదిహేనేండ్లు కొట్లాడుతుంటే, ఇంగ్లీషు రాని మనిషి బిడ్డ వచ్చిందా అని అడిగింది. ఆమె చెప్పిందే సరి అని నేననను. బిడ్డ మొఖం కనబడ్డదో లేదో, గంట మాత్రం ఇనబడ్డది. కాని ఆమెకు ఆ సీను అయిపోయింది. ఆమె ఇంటికి పోయింది, నేనే పక్క బల్ల కాడ మిగిలిన.

ఎందుకు ఆమె పోగలిగింది, నేను పోలేకపోయిన అని ఆలోచిస్తే నాకు దొరికింది ఇది. గంట, తల, తలుపు. గంట, తల, తలుపు. ఇట్ల నాలుగైదుసార్లు అలవాటు చేసి, చివరకు గంట, తల, నలుపు. గంట మోగినప్పుడల్ల టోనీ ఏం చూస్తే అదే మనకు చూపించుకుంట వచ్చిండ్రు. ఆ సీజన్లనే ముందు ఒకచోట, చెరువుల పడవ మీద కూసోని టోనీ వాళ్ళ బావ అంటడు, ఆ ఘడియ వచ్చినప్పుడు మనకు సప్పుడు గూడ ఇనబడదేమో అని. అంటే టోనీకి తెలవనిది మనకూ తెలవలే. టోనీకి తెలిసిందాంట్ల ఒక్క గవ్వ గూడ దాచలే. దాచి ఉంటే నువ్వు అన్నట్టు అది ద్రోహమే. ఇక్కడ లెక్క సరిపోయింది. ఆఖరుకు ఒక గంట సప్పుడు మన చేతుల పెట్టి పోయిండ్రు. ఆ సప్పుడు మా ఆమెకు సాలింది.

ఇది అమెరికా నుంచి రావలసిన ముచ్చట గూడ కాదు. మేడారం ఎన్నిసార్లు పోయినవు నువ్వు? సమ్మక్క కథ ఆఖరు ఏంది? కొడుకు జంపన్న వాగుల పడి పాణమిడిసిండు, బిడ్డ సారలమ్మ పోయింది, కాకతీయుల సైన్యం ఎనకనుంచి పొడిస్తే నెత్తురు కార్చుకుంట ఆమె చిలకలగుట్ట దిక్కు నడిసింది. ఎనక పోయినోళ్ళకు ఆమె కనబడలే. పుట్ట కాడ కుంకుమ భరిణె దొరికింది. సచ్చిందని ఎవరూ చెప్పరు, బతికున్నదని చెప్పరు. విగ్రహం లేదు. రెండేండ్లకోసారి మాఘమాసంల గుట్ట మీది నుంచి ఆ భరిణెను దించుకొస్తుంటే పోలీసులు గాలిలకు తుపాకులు పేల్చి సెల్యూట్ కొడతరు. లక్షలమంది ఎత్తు బెల్లం మోసుకొని పోతరు. నాలుగోనాడు ఆమె మల్ల అడవికి పోతది. ఆ కథల భరిణె తీసేసి చూడు. ఒక మనిషి గుట్ట దిక్కు పోయింది, తర్వాత ఏమైందో తెలవదు. అంతే మిగులుతది. అది తప్పిపోయిన మనిషి మీద ఠాణాల రాసిన కాగితం. చేతుల భరిణె ఉన్నందుకే అది ఇన్ని వందల ఏండ్లు నడుస్తున్నది.

ఇదంత నాకు ముందే తెలుసనుకునేవు. తెలవకనే నేను ఒక పాడు పని చేసిన. ఇన్నేండ్లల్ల ఎవరికీ రాయలే, నీకు రాస్తున్న.

అప్పుడు నాకు ముప్పై దాటలే. మెట్‌పల్లి దిక్కు ఒక పల్లెల టీచరుగ ఉన్న. ఇంటికొకరు గల్ఫ్ పోయిన ఊరు. ఉత్తరాలు వస్తే ఆడోళ్ళు బడి ఇడిసినంక నా దగ్గరికి పట్టుకొచ్చేది. నేను చదివేది, వాళ్ళు చెప్తే జవాబు రాసేది. ఎవని అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాయిదం, అయిపోయింది, ఎవనికి ఖఫీల్, అంటే పనికి పెట్టుకున్న అక్కడి సేటు, జీతం ఇస్తలేడు, అన్నీ నాకే ముందు తెలిసేది. కొందరు ఉత్తరం బదులు క్యాసెట్ల మాట్లాడి పంపేటోళ్ళు, ఊరికి వచ్చేటోని చేతికిచ్చి. ఒకామె మొగడు అట్లనే పంపేది. రెండేండ్లకు ఉత్తరాలు బందైనయి, పైసలు బందైనయి. ఆఖరు క్యాసెట్ ఆమె దగ్గర ఉండె. నా టేప్‌రికార్డర్ల పెట్టించుకొని ఇనేది. ఒక దిక్కు మొత్తం మాటలే. ఎండల సంగతి, తిండి సంగతి, కొడుకును బడికి పంపుమనుడు. రెండో దిక్కు తిప్పితే కొంచెంసేపు మాట్లాడి, "ఇంకొకటి చెప్పాలె నీకు" అంటడు. తర్వాత ఉత్త గరగర. ఆమె ఆ గరగర గూడ ఆఖరుదాక ఇనేది. బటన్ నొక్కబోతే వద్దనేది.

నేను కథ రాసిన. క్యాసెట్ నాకు చిన్నగ కనబడ్డది. ముగింపు బలంగ ఉండాలని ఒక టెలిగ్రాం పుట్టించిన. ఎడారిల మొగడు సచ్చిండని కబురు వస్తది, ఆమె గాజులు పగలగొట్టుకుంటది, కొడుకు పలకా బలపం పట్టుకొని చూస్తుంటడు. ఒక వారపత్రిక అచ్చేసింది. బాగున్నదని కార్డులు వచ్చినయి. బాగనే ఉండె, ఏడిపిచ్చుడు నాకప్పటికే వచ్చు.

ఊర్ల ఎవరో పదోతరగతి పిల్లగాడు ఆ కథ చదివి వాళ్ళింట్ల చెప్పిండు. ఒక రోజు పొద్దుగాల, నేను పండ్లు తోముకుంటుంటే ఆమె వచ్చి వాకిట్ల నిలబడ్డది. నొసట బొట్టు సగం తుడిసి ఉన్నది. పూర్తిగ తుడువలే. "సారూ, ఆ కాయిదం నీకెప్పుడు వచ్చింది? నాకెందుకు చెప్పలే?" అన్నది.

నీకు అర్థమైంది కదా. ఆ ఊరికి వచ్చే కబురు ఏదైనా నా నోటి నుంచే వచ్చేది. అచ్చుల వచ్చిన నా మాట గూడ ఆమెకు కబురే. అది కథ, ఊకె రాసిన, ఉత్తదే అని చెప్పిన. ఎంత చెప్పినా ఆమె ఒక్కటే అడిగింది, "ఉత్తదే అయితే మా ఇంటి గడప దగ్గరి యాపచెట్టు అందుల ఎట్లున్నది?" నా దగ్గర జవాబు లేకుండె. ఆ తర్వాత ఆమె క్యాసెట్ పట్టుకొని మల్ల రాలే. మూడు నెలలకు నాకు బదిలీ అయింది. ఆయన వచ్చిండో లేదో అడిగే మొఖం నాకు ఇప్పటిదాక లేదు.

ఆమెకు తెలవనిదాన్ని నేను తెలిసినట్టు రాసిన. ఆమె చేతుల ఉన్న భరిణెను మాత్రం వదిలిపెట్టిన. అంతకంటె ఎక్కువ చెప్తే బాగుండదు.

నీ కథకొస్త. నేను చేసింది ఒక తప్పైతే నువ్వు చేసింది దానికి తలకిందులు. కాజీపేట జంక్షన్ల ఒక పిల్ల, సంచి పట్టుకొని, ఇంట్ల చెప్పకుండ వచ్చింది. ఒక దిక్కు బల్లార్షా పోయే బండి, ఒక దిక్కు విజయవాడ పోయే బండి, ఎనక దిక్కు హైదరాబాద్. మంచి జాగ పట్టినవు, ఆ స్టేషన్ల ఎవరు కూసున్నా కథ లెక్కనే కనబడతరు. నాలుగు పేజీలు ఆమె మనసుల ఏమున్నదో పూసగుచ్చినట్టు చెప్పుకుంట వచ్చి, చివర "రైలు కదిలింది..." అని మూడు చుక్కలు పెట్టినవు. ఎక్కిందో లేదో మాకు చెప్పలే. ఎందుకు? ఎక్కిందో లేదో ఆ పిల్లకు తెలవదా? ఆమె ఆలోచనలన్నీ చెప్పిన దానివి, ఆమె కాళ్ళు ఎక్కడున్నయో దాస్తవా? నీ వ్యాసంల డేవిడ్ చేజ్‌ను ఏమని తిట్టినవో, ఆ తిట్టు పట్టుకొచ్చి ఈ మూడు చుక్కల మీద పెట్టు, అతికినట్టు సరిపోతది.

ఎక్కింది అని రాయి. లేదంటే ఎక్కలే అని రాయి. నువ్వే రాసేటామెవు, నీకు తెలుసు.

ఆమెకు నిజంగ తెలవనిది ఒకటున్నది నీ కథల, నువ్వే చూసుకోలే. రెండో పేజీల వాళ్ళ నాయన పాత స్కూటర్ ఉన్నది. పొద్దుగాల అది స్టార్టు కాకుంటే పక్కకు వంచి, మల్ల నిలబెట్టి, నాలుగుసార్లు తంతడు, నాలుగో తన్నుకు దగ్గినట్టు సప్పుడు చేసి అందుకుంటదని రాసినవు. ఆ వాక్యం దగ్గర నేను కాయిదాలు పక్కకు పెట్టి కొంచెంసేపు కూసున్న, ఎందుకంటే మా నాయన సైకిల్ చైన్ యాదికొచ్చింది. మల్ల ఆ స్కూటర్ కథల ఎక్కడా లేదు. రెండో పేజీలనే ఇడిసిపెట్టి వచ్చినవు. నాయన ఇంట్ల లేచి చీటి చూసుకున్నడా, స్టేషన్‌కు బయలెల్లిండా, వచ్చి బయట నిలబడ్డడా, ఆ పిల్లకు తెలవదు. బండి కదులుతున్నప్పుడు స్టేషన్ బయట వంద స్కూటర్లు ఉంటయి. ఇంతకంటె నేను చెప్పను, కథ నీది.

ఇంకో రెండు ముచ్చట్లు, తొందరగ. 'అంతరంగ సంఘర్షణ' అన్న మాట నీ కథల ఐదుసార్లు వచ్చింది, ఐదూ తీసెయ్యి. వ్యాసం ఇప్పుడే ఎవరికీ పంపకు. పత్రిక వాళ్ళు తిప్పి పంపుతరని చెప్తలేను, కోపం మీద ఉన్నప్పుడు వేసుకుంటరు గూడ, నాకు టెలిగ్రాం కథ వేసుకున్నట్టు. రౌటర్ కాడ నుంచి మొదలుపెట్టి మల్ల రాసి, నెల రోజులు పరీక్ష పుస్తకాల కింద పెట్టు.

మీ అమ్మను అడిగిన్నని చెప్పు. బీడీల పని తగ్గించుమన్న అని గూడ చెప్పు, ఇనదు గని చెప్పు. పండుగకు ఊరికి వచ్చినప్పుడు హన్మకొండల దిగు, మా ఆమె సర్వపిండి చేస్తనంటున్నది.

నీ కథ మొన్న రాత్రి ఆమెకు చదివి ఇనిపిచ్చిన. మూడు చుక్కల కాడ ఆగిన. "వాళ్ళ నాయన వచ్చిండా?" అని అడిగింది. తెలవదన్న. పొద్దున చాయ్ ఇచ్చుకుంట మల్ల అడిగింది. కథల రాయకున్నా సరే, ఆదివారం ఫోన్ చేసి మా ఆమెకు ఒక్కదానికి చెప్పు. నేను పక్కకు పోత.

ఆశీస్సులతో
మీ సార్